ధవళేశ్వరం గాలి, డార్వెన్ వంటిల్లు

పోయిన నెల మా మేనత్త కొడుకు గృహప్రవేశానికి రాజమండ్రి వెళ్ళాం. సాయంత్రం ధవళేశ్వరం వైపు ఆటోలో పోతుంటే ఉన్నట్టుండి గాలి తిరిగింది. వేయించిన గింజల పిండిని మరిగే పాలల్లో కలిపినట్టు, తియ్యగా, అడుగున కాస్త మాడినట్టు ఒక వాసన. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "ఏంటి నాన్నా ఇది, ఎక్కడో బిస్కెట్లు తగలబడుతున్నాయా?" అంది.

"హార్లిక్స్ ఫ్యాక్టరీ పాపా" అన్నాడు ఆటో అతను, వెనక్కి చూడకుండా.

ఆ గాలిలోనే పెరిగాను నేను. పీల్చే గాలికి వాసనుందని ఎవరికి తెలుస్తుంది? నాకు తెలిసింది ఇంగ్లండ్‌లో, లాంకషైర్‌లోని డార్వెన్ అనే చిన్న ఊళ్ళో, ఒక ముసలావిడ వంటింట్లో. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బిళ్ళ.

*

మోర్మన్ మిషనరీగా పనిచేశానంటే మనవాళ్ళలో చాలామంది "అంటే ఫాదర్ లాగానా?" అని అడుగుతారు. కాదు. మా చర్చి పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మా ఊరి చర్చిల్లో జీతానికి పాస్టర్లుండరు. టీచర్లు, గుమాస్తాలు, షాపులవాళ్ళు వంతులవారీగా నడుపుకుంటారు. ఊళ్ళు తిరిగి ప్రకటించే పని ఎక్కువగా కుర్రవాళ్ళది. అప్పట్లో మగపిల్లలకి 19 ఏళ్ళు నిండాలి, 2012లో దాన్ని 18 చేశారు. రెండేళ్ళపాటు చదువు, ఉద్యోగం, ప్రేమలు అన్నీ పక్కన పెట్టాలి. ఎక్కడికి వెళ్తావని మనల్ని అడగరు. అప్పట్లో మా చర్చి కేంద్రమైన సాల్ట్ లేక్ సిటీ నుంచి కవరొచ్చేది, అందులో ఏ దేశముంటే ఆ దేశం.

ఈ చర్చి తెలుగువాళ్ళ దాకా వచ్చిన దారి చిత్రమైనది. ఎక్కడో పసిఫిక్‌లోని సమోవాలో ఉద్యోగం చేస్తున్న ధర్మరాజు గారి కుటుంబం అక్కడ ఇందులో చేరి, 1978లో దంపతులిద్దరూ హైదరాబాద్ వచ్చి తమ చుట్టాలకి చెప్పారు. అప్పుడు బాప్తిస్మం తీసుకున్న 22 మందీ వాళ్ళ బంధువులే. మన దగ్గర ఏ కబురైనా ముందు చుట్టరికాల మీదే నడుస్తుంది కదా. మా ఇంటికి మాత్రం అది సైకిళ్ళ మీద వచ్చింది. నేను ఇంటర్‌లో ఉండగా ఇద్దరు కుర్రాళ్ళు మా వీధిలో దారి తప్పి, మంచినీళ్ళడిగారు. అమ్మ నీళ్ళిచ్చి, ఎండలో ఎక్కడికి పోతారని కూర్చోబెట్టి, పెరుగన్నం పెట్టింది. మతం మాట ఆ రోజు ఎత్తనేలేదు. ఏడాది తిరిగేసరికి నాన్న, అమ్మ, నేను ముగ్గురం చేరాం.

నాయనమ్మ చేరలేదు. ఆవిడ లూథరన్. వాళ్ళ తాత కాలంలో పడవ మీద వచ్చిన మిషనరీ దొర గురించి నిన్నగాక మొన్న చూసినట్టు చెప్పేది. నా కవరులో "ఇంగ్లండ్ మాంచెస్టర్ మిషన్" అని ఉందని నాన్న చదవగానే ఆవిడ నోట్లోని వక్కపొడి పక్కకి నెట్టి, "దొరలు పడవలేసుకొచ్చి మనకి చెప్పారు. ఇప్పుడు నువ్వు విమానమెక్కి పోయి దొరలకి చెప్తావా? వాళ్ళకి తెలియదంటావా?" అంది. నాకు అందరూ మెచ్చుకునే జవాబులు అప్పటికే కొన్ని వచ్చు. అదొక్కదానికీ రాలేదు.

ఇంకో నవ్వు కూడా నవ్వింది. మా బిళ్ళ మీద ప్రతి ఒక్కరి పేరు ముందూ "ఎల్డర్" అని ఉంటుంది. ఆవిడ చర్చిలో సంఘ పెద్దలంటే తెల్ల పంచె, నెరిసిన మీసం, చేతికర్ర. "మూతి మీద నూనూగు కూడా రాలేదు, పెద్ద అంట" అని వీధంతా చెప్పుకొచ్చింది.

*

మా ట్రైనింగ్ లాంకషైర్‌లోనే చోర్లీ అనే ఊళ్ళో. మా చర్చివాళ్ళ ప్రెస్టన్ టెంపుల్ పక్కనే ఆ సెంటర్. శిఖరం మీద బూర ఊదుతున్న బంగారు రంగు దూత, మోటార్‌వే మీద పోయే లారీలవాళ్ళకి కూడా కనిపిస్తాడు. అక్కడ మూడు వారాలు ఉన్నట్టు గుర్తు. అప్పట్లో ఇళ్ళకి వెళ్ళి చెప్పాల్సిన పాఠాలు ఆరుండేవి, బట్టీ పట్టాలి. నాకది కష్టమనిపించలేదు. ఎక్కాలు, పద్యాలు, వాక్యాలు బట్టీ పట్టే కదా ఇంతవాళ్ళమయ్యాం. అమెరికా పిల్లలు మాత్రం తలలు పట్టుకునేవారు.

ఆ తరువాత ఊరు మారినా, జంటగా తిరిగే తోడు మారినా రోజు మాత్రం మారేది కాదు. ఆరున్నరకి అలారం. మంచం పక్కనే మోకాళ్ళ మీద ప్రార్థన. గదిలో ఊపిరి వదిలితే పొగ. గ్యాసుకీ కరెంటుకీ ముందే డబ్బు కట్టుకునే మీటరు, అందులో డబ్బులైపోతే స్నానం మధ్యలో వేడినీళ్ళు ఆగిపోయేవి. గిన్నెలో చల్లటి పాలు, అట్టముక్కల్లాంటి సీరియల్. చదువు. పదింటికల్లా రోడ్డు మీద ఉండాలి. రాత్రి పదిన్నరకి దీపాలార్పాలి. సినిమా లేదు, టీవీ లేదు, పేపరు లేదు. తోడు కనుచూపు దాటి పోకూడదు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల కబురొచ్చేది. ఎవరు ఎవరితో, ఏ ఊళ్ళో అన్నది అప్పుడే తెలుస్తుంది. నా మొదటి తోడు యూటా కుర్రాడు, పశువులున్న ఇంట్లో పెరిగినవాడు. రాత్రి గురకలో ఆవుల్ని అదిలించేవాడు.

చొక్కా కాలరు మురికి పోవడానికి షాంపూ రుద్దాలని చెప్పింది అతనే. అమ్మకి రాస్తే, "ఇన్నాళ్ళూ నేను సబ్బుతో చచ్చాను" అని జవాబు.

మిగిలిన రోజంతా తలుపులే. లాంకషైర్ మిల్లు ఊళ్ళలో ఇళ్ళు ఒకదానికొకటి అతుక్కుని, రైలు పెట్టెల్లా వరసగా కొండెక్కుతాయి. మూలమూలకీ పాత మిల్లుల పొగగొట్టాలు, పొగలేకుండా. తలుపు కొట్టి ఓ అడుగు వెనక్కి వేయాలి. లోపల కుక్క, టీవీలో గుర్రప్పందేల గోల, చెప్పుల చప్పుడు. తలుపు జానెడు తెరుచుకుంటుంది. "నాట్ టుడే, లవ్."

మొదటిసారి అది విని నా చెవులు ఎర్రబడ్డాయి. మా నాయనమ్మ వయసున్న ఆవిడ నన్ను లవ్ అంటుందేంటి? తోడు పగలబడి నవ్వాడు. అక్కడ బస్సు డ్రైవరైనా, కూరగాయల అతనైనా అందరినీ అలాగే అంటారు. మన "నాన్నా", "అమ్మా" లాంటిదే. అది తెలిశాక, మొహం మీద తలుపేసేటప్పుడు కూడా నాన్నా అని పిలిచి వేస్తున్నారు కదా అని సర్దుకున్నాను.

సాయంత్రం చిప్స్ కొట్టు ముందు నిలబడేవాళ్ళం. వేడి బంగాళాదుంపల మీద వెనిగర్ పోసేసరికి ఆవిరి కళ్ళల్లోకొచ్చేది. చేతులు వెచ్చబెట్టుకోవడానికే సగం కొనేవాళ్ళం.

*

నిజమైన ఇబ్బంది తలుపులు మూసుకోవడం కాదు, తెరుచుకోవడం. తెరిచి లోపలికి రమ్మన్న ప్రతి ఇంట్లోనూ మొదటి మాట టీ. మాకు టీ, కాఫీ నిషిద్ధం. గోదావరి జిల్లావాడికి ఇంటికొచ్చినవాడు ఏమీ పుచ్చుకోకుండా పోవడమంటే ఏమిటో తెలుసు. పుచ్చుకోనివాడు శత్రువైనా అయ్యుండాలి, చావు కబురు తెచ్చినవాడైనా అయ్యుండాలి. నేనేమో వాన్లో తడిసి, వణుకుతూ, "వద్దండీ, మంచినీళ్ళు చాలు" అనేవాణ్ణి. వాళ్ళ మొహం చిన్నబోయేది. సువార్త మొదలుపెట్టక ముందే ఆ ఇంట్లో సగం ఓడిపోయేవాళ్ళం.

బ్లాక్‌బర్న్‌లో గుజరాతీ, పాకిస్తానీ ముస్లింల వీధుల్లో కథ వేరు. తలుపు తీసిన పెద్దాయన మా వాణ్ణి దాటి నా మొహం చూసేవాడు. "ఇండియానా? ఏ ఊరు బేటా? మీ నాన్న ఏం చేస్తారు?" దేవుడి దాకా వెళ్ళాలంటే ముందు నా వంశమంతా చెప్పాలి. నా హైదరాబాదీ కాని హిందీ విని నవ్వేవారు. చివరికి మా పుస్తకం తీసుకోరు, మమ్మల్ని అన్నం తినకుండా పోనివ్వరు. ఒకాయన నాకు రెండు చపాతీలు ఎక్కువేసి, "మతం సంగతి అల్లా చూసుకుంటాడు, మీ అమ్మకి మాత్రం ఉత్తరం రాయి" అన్నాడు.

2001 వేసవిలో పక్కనున్న బర్న్‌లీలో తెల్లవాళ్ళ కుర్రాళ్ళకీ ఆసియా కుర్రాళ్ళకీ గొడవలై, కొట్లు తగలబడ్డాయి. చీకటి పడితే బయటికి వెళ్ళొద్దని మా మిషన్ ప్రెసిడెంట్ ఫోన్ చేశారు. నా టెన్షన్ వేరే. ఒక వైపువాళ్ళకి నా రంగు నచ్చదు, రెండో వైపువాళ్ళకి నా పక్కవాడి రంగు నచ్చదు. వారం రోజులు గదిలోనే చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాం. ఆ వారంలో ఒక సాయంత్రం నాకు చపాతీలు పెట్టిన ఆ పెద్దాయనే కొడుకుతో డబ్బా పంపించాడు. మూత తీస్తే బిర్యానీ, ఇంకా వేడిగానే ఉంది.

*

డార్వెన్ ముసలావిడ మాకు తలుపు దగ్గర దొరకలేదు. బజారు నుంచి కొండ మీదికి రెండు సంచులు మోసుకెళ్తుంటే మేం అందుకున్నాం. ఇల్లు చేరాక మామూలుగానే టీ అంది. మేం మామూలుగానే వద్దన్నాం. పైగా ఒంటరి ఆడమనిషి ఇంట్లోకి మేం వెళ్ళకూడదు, అదీ రూలే. ఆవిడకి 78 ఏళ్ళు. "నా వల్ల మీకేం ప్రమాదం?" అని అడిగి, మేం నీళ్ళు నములుతుంటే, గోడ మీంచి పక్కింటి ముసలాయన్ని కేకేసింది. ఆయన వచ్చి వంటింట్లో కుర్చీలో కూర్చున్నాడు. అలా ప్రతి బుధవారం ఆయన మా శీలానికి కాపలా. బిస్కెట్లు ఆయనవి, పాఠాలు ఆవిడవి.

టీ, కాఫీ లేకపోతే మరేం తాగుతారని అలమరా అంతా వెతికి ఆవిడ ఒక సీసా దింపింది. హార్లిక్స్. వేడినీళ్ళు పోసి కలిపింది. కప్పు దగ్గరికి తెచ్చుకున్నానో లేదో, నేను డార్వెన్‌లో లేను. ధవళేశ్వరం రోడ్డు మీద ఉన్నాను, సైకిల్ చైను ఊడిపోయింది, పక్కన కాలువ.

"ఇది మా ఊళ్ళో తయారవుతుంది" అన్నాను.

"హార్లిక్స్ ఇంగ్లీషుది, లవ్" అంది ఆవిడ. పక్కింటాయన కూడా తలూపాడు. వాదించాను. మా ఊరి గాలే ఈ వాసన అన్నాను. గోదావరి, కాటన్ ఆనకట్ట, దాని పక్కన ఫ్యాక్టరీ అని వర్ణించాను. "కాటన్‌తో ఆనకట్ట కట్టారా? తడిస్తే?" అన్నాడు పక్కింటాయన. ఆయన ముప్ఫై ఏళ్ళు నూలు మిల్లులో పనిచేసినవాడు. కాటన్ అంటే మనిషి పేరని, ఇంగ్లీషు దొరేనని, మా జిల్లాల్లో ఆయన విగ్రహాలకి దండలేస్తారని చెప్పేసరికి ఆ రోజు పాఠం టైమైపోయింది.

ఇండియా అనగానే ఆవిడకి గుర్తొచ్చింది వేరే. 1931 సెప్టెంబరులో, రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చిన గాంధీ డార్వెన్ కూడా వచ్చాడు. అప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ మగ్గాల మీద పనిచేసేది. మన వాళ్ళు విదేశీ బట్ట మానేయడంతో మిల్లులకి దెబ్బ తగిలి, ఇంట్లో రొట్టెముక్కలు లెక్కపెట్టుకునే రోజులు. పని పోగొట్టిన మనిషిని తిట్టడానికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళిందట వాళ్ళమ్మ. వెళ్ళి, అందరితో పాటు జేజేలు కొట్టి వచ్చింది. "ఇంటికొచ్చి ఏం చెప్పిందో తెలుసా? పాపం, ఆ చలిలో ఆయన కాళ్ళకి మేజోళ్ళు లేవు అంది."

స్కూలు పుస్తకంలో మేం చదివిన బహిష్కారానికి అవతలి వైపున ఒక వంటిల్లు ఉంటుందని నాకప్పటిదాకా తట్టలేదు.

*

సోమవారం మాకు సెలవు. బట్టలుతుక్కుని, ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. నీలం ఏరోగ్రామ్ మూడు మడతల్లో అక్షరాలు చివరికొచ్చేసరికి చీమలయ్యేవి. ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. మా ఇంట్లో ఫోన్ లేదు, ఎదురుగా మందుల షాపు నంబరే మా పీపీ నంబరు. మదర్స్ డే అనేది ఒకటుందని మా వీధిలో ఎవరికీ తెలియని రోజులు. అమ్మ పరిగెత్తుకొచ్చి, రొప్పుతూ, "ఏమైందిరా? ఒంట్లో బాగాలేదా?" ఆ పది నిమిషాల్లో అయిదు నిమిషాలు నాకేమీ కాలేదని నమ్మించడానికే సరిపోయాయి. 2019 నుంచి మిషనరీలు వారం వారం ఇంటికి మాట్లాడుకోవచ్చు. మంచిదే. కానీ వారం వారం మాట్లాడి ఉంటే నేను మొదటి నెలలోనే వెనక్కి వచ్చేసేవాణ్ణేమో.

ఒక సోమవారం ప్రెస్టన్ వెళ్ళి రిబిల్ నది చూశాం. మా చర్చి మొదటి మిషనరీలు ఇంగ్లండ్‌లో అడుగుపెట్టింది 1837లో. ఆ జులైలో ఆ నదిలోనే తొమ్మిదిమందికి బాప్తిస్మమిచ్చారు. ముందు ఎవరు మునగాలని పరుగుపందెం పెట్టుకుంటే జార్జ్ వాట్ అనే యువకుడు గెలిచాడు. మావాళ్ళంతా టోపీలు తీసి మౌనంగా నిలబడ్డారు. నాకు మాత్రం లోపల ఒకటే మాట, ఇదా నది? మా ఊళ్ళో అయితే కాలువంటారు.

విశ్వాసం సంగతి అడుగుతారు కొందరు. అంతా నిజమని నమ్మావా అని. ఉదయం నమ్మేవాణ్ణి. మధ్యాహ్నం మూడింటికి, వానలో, నలభయ్యో తలుపు దగ్గర నమ్మకం కంటే సాక్సులే ఎక్కువ గుర్తొచ్చేవి. రాత్రి మళ్ళీ మోకాళ్ళ మీద కొంత తిరిగొచ్చేది. మా ప్రార్థనల్లో ఇంగ్లీషు కూడా పాతది, దేవుణ్ణి "దౌ", "దీ" అనాలి. అది గౌరవమని నేర్పారు. తోడు ఒకసారి అడిగాడు, మీ భాషలో గౌరవానికి వేరే మాట ఉందా అని. ఉంది, మీరు అంటాం అన్నాను. "అయితే దేవుణ్ణి మీరు అంటారా?" లేదు, నువ్వు అంటాం. నాన్నని మీరు అంటాం, దేవుణ్ణి నువ్వు అంటాం. అతను చాలాసేపు ఆలోచించి, "మీరు నాకంటే దగ్గరున్నారు" అన్నాడు. ఆ రాత్రి నుంచి పైకి చెప్పేది ఇంగ్లీషులో, దీపమార్పాక దుప్పట్లో చెప్పుకునేది తెలుగులో.

రెండేళ్ళలో నేను నీళ్ళలోకి తీసుకెళ్ళింది ముగ్గుర్ని. అందులో ఇద్దరు తరువాత చర్చికి రావడం మానేశారని విన్నాను. నాన్న ప్రతి నెలా తన వంతు కట్టిన డబ్బు, మిగతా ఖర్చు భరించిన చర్చి ఫండు లెక్కేస్తే ఇది ఏ వ్యాపారానికీ గిట్టుబాటు కాదు.

*

నాయనమ్మ పోయిన కబురు మంగళవారం రాత్రి వచ్చింది. నాన్న మిషన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ప్రెసిడెంట్ మాకు చేశారు. ఇంటికి మాట్లాడుకోమన్నారు. అప్పటికే సమాధి చేసేశారు. "నువ్వు రావద్దు, పని పూర్తి చేసుకో" అన్నాడు నాన్న. మాట మధ్యలో వెనక నుంచి మందుల షాపు అతను ఎవరికో క్రోసిన్ ధర చెబుతున్నాడు.

మర్నాడు బుధవారం. డార్వెన్ వెళ్ళాం. నా తోడు నా బదులు పాఠం మొదలుపెట్టబోయాడు కానీ ఆవిడ నా మొహం చూసి, "ఎవరు?" అంది. చెప్పాను. సారీ అనలేదు, దేవుడి దగ్గరికెళ్ళిందనలేదు. మామూలుగా నీళ్ళతో కలిపేది, ఆ రోజు పాలు పెట్టి కాచింది. పొంగే దాకా పొయ్యి దగ్గరే నిలబడింది. పక్కింటాయన బిస్కెట్ల డబ్బా తను తీసుకోకుండా నా వైపు జరిపాడు. ఎవరూ మాట్లాడలేదు. గోడ గడియారం, పాల గిన్నెలో చెంచా చప్పుడు. దొరలకి తెలియదంటావా అని నాయనమ్మ అడిగిన మాట ఆ కప్పులోంచి మళ్ళీ వినబడింది.

ఆవిడ మా చర్చిలో చేరలేదు. ఆరు పాఠాలూ శ్రద్ధగా విని, మోర్మన్ గ్రంథం సగం దాకా చదివి, "బాగుంది లవ్, కానీ నా పీట నాకుంది" అంది. ఆ పీట ఆవిడ మెథడిస్ట్ చాపెల్‌లో ఎడమవైపు మూడో వరస.

ఇంటికి రాసిన ఉత్తరంలో హార్లిక్స్ తగువు గురించి రాశాను. అమ్మ జవాబుతో పాటు మా ఇంటి హార్లిక్స్ సీసా లేబులు వేడినీళ్ళలో నానబెట్టి, ఊడదీసి, ఆరబెట్టి, మడిచి పంపింది. అడుగున సన్న అక్షరాల్లో ధవళేశ్వరం పేరుంది. దాని కింద అమ్మ పెన్నుతో గీత కూడా గీసింది. అది చేరేసరికి నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చేసింది. చివరి బుధవారం పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

కళ్ళజోడు మార్చుకుని చదివింది. పక్కింటాయనకిచ్చింది. ఆయన వెలుతురు కోసం కిటికీ దగ్గరికెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసి, అసలుదే అని ఒప్పుకున్నాడు. ఆవిడ ఫ్రిజ్ తలుపు మీద, గ్యాసు బిల్లు పక్కన, అయస్కాంతం బిళ్ళ పెట్టి దాన్ని అంటించింది. ఎలా పలకాలో చెప్పమంది. ధ-వ-ళే-శ్వ-రం అన్నాను. రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకుని, "డౌలీ… ఏదో" అని వదిలేసి, "పెద్ద పేరే, లవ్" అంటూ గిన్నె స్టవ్ మీద పెట్టింది.